పుర్రచెయ్యి

తడి చీరను దండెం మీద వేయడానికి చేతులు పైకెత్తితే నీళ్ళు మోచేతుల దాకా జారుతాయి. ఆ చల్లదనం తగలగానే నాకు ఖాదర్ సార్ గొంతు వినిపిస్తుంది: "పడకముందు ఏం చేస్తాంటివి?"

కడపలో మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళ పేస్‌మేకర్లను పరీక్షించే టెక్నీషియన్ ఆయన. నేను ఆయన దగ్గర పనికి చేరినప్పుడు నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. రాయడం మాత్రం ఇష్టం. అది గమనించి, పేస్‌మేకర్ ఉన్నా స్పృహ తప్పుతోందని వచ్చినవాళ్ళ మాటలు రాసే పని నాకు అప్పగించారు. మొదటిరోజు ఒకావిడ గురించి "స్పృహ తప్పింది" అని రాస్తే పుస్తకం వెనక్కి తోశారు.

"ఆయమ్మ ఇట్లనే చెప్పిందా?"

"లేదు సార్. 'అన్నం తిని లేస్తానే కండ్లు చీకట్లయినాయి' అనింది."

"అదే రాయి. నీ మాట రాస్తే ఆయమ్మ పడిన తావు పోతాది."

పడిన ప్రతివాళ్ళూ ఛాతీలో పెట్టిన ఆ మిషన్‌నే తిట్టేవారు. చాలాసార్లు మిషన్ తప్పేమీ ఉండదని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. మాత్ర ఎక్కువై బీపీ పడిపోవచ్చు, ఎండలో ఒంట్లో నీరు చాలకపోవచ్చు. పేస్‌మేకర్ నెమ్మదించిన గుండెను తట్టి నడిపిస్తుంది గాని, అదుపు తప్పి పరుగెత్తే గుండెను ఆపలేదు. ఎప్పుడో ఒకసారి తప్పు నిజంగానే మిషన్‌దో, దాని నుంచి గుండెకు వెళ్ళే తీగదో అవుతుంది.

రాజంపేట వైపు నుంచి ఓబులమ్మ వచ్చిన రోజు అలాంటిదే. అది మూడోసారి పడటం, నుదుటిన కుట్లు. మిషన్ పరీక్షలో అంతా సరిగ్గా ఉంది. ఎండలో నిలబడటం వల్ల బీపీ పడిపోయి ఉంటుందని, మాత్ర తగ్గించి పంపుదామని డాక్టర్ అన్నారు. "మల్లా పడితే మా యమ్మ దక్కదు సార్!" అని కొడుకు గట్టిగా అరిచాడు.

నా పుస్తకంలో మూడుసార్లకూ ఒకే మాట ఉంది: "గుడ్డలు ఆరేస్తాంటి." నేనిచ్చిన నీళ్ళ గ్లాసును ఆమె ఎడమచేత్తో అందుకుంది. పేస్‌మేకర్ ఉన్నది ఆ వైపే. ఆ మాట పక్కన "పుర్రచెయ్యి" అని రాశాను.

సార్ నా భుజం మీదుగా చదివారు. "పుస్తకంలోకి వచ్చిన మాట నోట్లోకి రాదా? డాక్టర్ ఈడనే ఉండాడు. చెప్పు."

"మీరు చెప్పండి సార్."

"కనిపెట్టింది నువ్వు. నేనెందుకు చెప్తా?"

ఆ చెయ్యి ఎత్తినప్పుడే పడుతోందేమోనని చెప్పాను. డాక్టర్ ఓబులమ్మను పడుకోబెట్టి ఈసీజీ పెట్టించారు.

"దండెం మీద చీర ఏసినట్ల ఆ చెయ్యి ఎత్తవ్వా," అన్నారు సార్.

ఎత్తింది. తెర మీద గీత చదునైపోయింది, ఆమె కళ్ళు తేలిపోయాయి. డాక్టర్ చటుక్కున ఆమె చెయ్యి దించగానే గుండె మళ్ళీ కొట్టుకుంది. భుజం కింద తీగ లోపల తెగి ఉంది. చెయ్యి కిందికి ఉన్నంతసేపూ కొసలు తాకుతూ ఉండేవి, ఎత్తితే విడిపోయేవి. ఆ రోజే కొత్త తీగ వేశారు.

నెలకు పరీక్షకు వచ్చి నవ్వింది ఓబులమ్మ. "ఇప్పుడు గుడ్డలు నా కొడుకే ఆరేస్తాండాడు సారూ."

"అయితే బాగైనాదని వానికి అప్పుడే చెప్పొద్దులే."

సార్ రిటైరయ్యారు. ఆ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. పరీక్ష మొదలుపెట్టకముందే, గది బయటికి కూడా వినిపించే గొంతుతో, ఆయన ప్రశ్నే అడుగుతాను. జవాబు వాళ్ళ మాటల్లో వచ్చేదాకా పెన్ను కదపను.