ఉప్పలయ్య తాత పొటాష్ పిచ్చి

లోకంలో ఏది ఒరిగినా, వాడినా, నీరసపడినా పొటాష్ తక్కువైందని తేల్చేసే మనిషి నాచారం ఉప్పలయ్య తాత. ఎరువుల ఫ్యాక్టరీ నౌకరీ దిగిపోయాక ఆ పిచ్చి మరీ ముదిరింది. కాలనీ వాచ్‌మన్ కునుకు తీసినా పొటాష్ లోపమే, కరెంటు స్తంభం ఒరిగినా పొటాష్ లోపమే.

"తాతా, లెక్కల్ల మార్కులు తక్కువొచ్చినయ్," అంది మనవరాలు ఉమ.

"పైకి మస్తు పెరిగినవ్, లోపల గింజ పాలు పోసుకోలే. దేని లోపమంటవ్?"

"పొటాష్."

"గంత తెలివి పరీక్షల ఏమైంది?"

తాత బామ్మర్ది రాజయ్య కీసర దగ్గర పొలం కౌలుకు చేస్తాడు. ఈసారి ఆయనకో పంతం. ఉప్పల్‌లో కాపురముంటున్న కూతురు సంతోషికి పుట్టింటి తరఫున ఒడిబియ్యం పోయాలి, అవి కొన్నవి కాకూడదు, తాను పండించినవే కావాలి. అందుకని యూరియా మీద యూరియా చల్లాడు. చేను నల్లగా, ఏపుగా లేచింది.

ఓ రోజు ఉమతో కలిసి చేను చూడవచ్చిన తాత గట్టు మీద వంగి కింది ఆకులు పట్టి చూశాడు. అంచులు తుప్పు రంగు తిరిగాయి.

"రాజయ్యా, చేను చిరుపొట్ట మీదున్నది, లోపల కంకి కడుతున్నది. గిప్పుడే పొటాష్ ఎయ్యి. లేకుంటే కాడకు బలముండదు, గాలికి పండుకుంటది. మిగిలేది తాలే."

"నీకు పెండ్లిపందిరి సూసినా పొటాషే యాదికొస్తది బావా. నా చేను దిక్కు రాకు."

"రాను తియ్యి."

వారం తిరక్కుండానే రాజయ్య జ్వరంతో దవాఖానాలో పడ్డాడు. "నీళ్లు నేను సూసుకుంట, ఫికర్ జెయ్యకు," అని చెప్పి తాత ఉమను వెంటేసుకుని కీసర బస్సెక్కాడు. మడిలో నీళ్లు తీసేసి, సంచి విప్పి, ఎర్రటి గుళికలు చల్లడం మొదలుపెట్టాడు.

"రానన్నవ్ గద తాతా?"

"నేను నీళ్ల కోసం వచ్చిన."

"మరి సంచి?"

"దాన్ని రావద్దని ఎవరూ అనలే."

కోతల ముందు గాలివాన కొట్టింది. చుట్టుపక్కల చేలన్నీ చాప పరిచినట్టు పడిపోయాయి. రాజయ్య చేను మాత్రం నిలబడింది.

ఒడిబియ్యం వండిన రోజు ఉప్పల్‌లో సంతోషి ఇంట చుట్టాలందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. రాజయ్య మీసం దువ్వాడు.

"ఒక్క పలుకు పొటాష్ ఎయ్యలే. ఉత్త యూరియా. నా బిడ్డ ఒడి నింపింది ఈ చెయ్యే."

ఉమ నోరు తెరిచింది. తాత ఆ నోట్లో బూరె కుక్కాడు.

"ఇప్పటికన్న ఒప్పుకో బావా."

పొటాష్ అనే మాట తాత గొంతు దాకా వచ్చింది. అన్నం గిన్నె పట్టుకున్న సంతోషి, తండ్రిని చూసి మురిసిపోతోంది. తాత గ్లాసెడు నీళ్లు తాగాడు. ఉమ గ్లాసు కూడా లాక్కుని తాగాడు.

"యూరియానే రాజయ్యా," అన్నాడు, కషాయం మింగిన ముఖంతో. "ఇంకింత అన్నం పెట్టు బిడ్డా. మీ నాయిన మంచిగ పండించిండు."