హెబ్రోను ఏడు గంటల మాట

చిల్లకూరు మండలంలో సముద్రం వైపు వెళ్ళే రోడ్డు ఒక పాళెంలో ముగుస్తుంది. పోయిన ఏడాదిదాకా ఆ పాళెంలో నలభై దాటిన మగవాళ్ళలో సముద్రం మీదికి ఒక్కసారి కూడా వెళ్ళనివాళ్ళు ఇద్దరే. ఒకరికి పుట్టుకతో చూపు లేదు. రెండో మనిషి హెబ్రోను.

ఆయనకు యాభై రెండేళ్ళు. సొంత ఊరు మనుబోలు. పంతొమ్మిదేళ్ళ క్రితం టీవీలు బాగుచేసే పనిమీద ఇక్కడికి వచ్చి, చేపలవాళ్ళ మధ్య అంగడి పెట్టుకున్నాడు. తరువాత టీవీల స్థానంలో సెల్‌ఫోన్లు వచ్చాయి. పెళ్ళి చేసుకోలేదు. అంగడి వెనుక గదిలోనే వంట, పడక. ఆదివారం బస్సెక్కి చిల్లకూరు చర్చికి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి వస్తాడు. చెల్లెలు ఏంజెలిన్ సూళ్లూరుపేటలో ఉపాధ్యాయురాలు. ఆమె వారానికి ఒకసారి ఫోన్ చేస్తుంది.

ఆరేళ్ళపాటు ఆయన రోజూ ఉదయం ఏడు గంటలకు పాళెం వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. నిడివి నాలుగు నిమిషాలు. ప్రపంచంలో ముందురోజు విడుదలైన ఫోన్లు, గడియారాలు, టీవీలు, వాటిలోని సాఫ్ట్‌వేర్, వాటిని తయారుచేసే కంపెనీలు మార్చిన పద్ధతులు, వీటన్నిటిమీద తన తీర్పు. తీర్పు అనే మాట ఆయనదే. అభిప్రాయమైతే ఎవరికైనా ఉంటుందని, తీర్పు చెప్పాలంటే వస్తువును విప్పి చూసి ఉండాలని ఆయన వాదన.

ఆ తీర్పులు చాలావరకు కఠినంగా ఉండేవి.

"పెట్టెలో ఛార్జర్ తీసేసినారు. భూమిని కాపాడేదానికంట. భూమి మీద అంత ప్రేముంటే ఏడాదికొక ఫోను ఎందుకు దించతా ఉండారో అడగండి."

"అన్ని ఫోన్లకీ ఒకే మూతి ఛార్జరు వచ్చింది, సంతోషం. అయితే మూతి ఒకటే గాని లోపలొచ్చే కరెంటు ఒకటి కాదు. వీధంతా ఒకే రంగు తలుపులు పెట్టి, ఇంటికొక తాళం వేసినట్టుండాది."

"మడిచే ఫోను ఎన్ని లక్షలసార్లు మడిచినా ఏం గాదంట. మీ ఇంట్లో చాప యాడ చిరిగిందో ఒకసారి చూసుకోండి."

గ్రూపులో నూట నలభైమంది సభ్యులు. ఏడు గంటలకు పడవలు సముద్రం మీద ఉంటాయి, అక్కడ సిగ్నల్ అందదు. పది గంటల ప్రాంతంలో పడవలు ఒడ్డు చేరగానే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి. వాయిస్ మెసేజ్‌ను ఎవరెవరు నొక్కి విన్నారో పంపినవాడికి పేర్లతో సహా కనబడుతుంది. పదిన్నరకు హెబ్రోను చేతిలోని పని పక్కన పెట్టి ఆ పేర్లు చదివేవాడు. సాధారణంగా అరవై నుంచి డెబ్బైవరకు ఉండేవి. జవాబు ఇచ్చేవాళ్ళు మాత్రం ఉండేవాళ్ళు కాదు. ఆయనకు పేర్లు చాలు. పంతొమ్మిదేళ్ళుగా ఆ వీధిలో ఆయనను అందరూ మర్యాదగానే పలకరిస్తారు, పెళ్ళిళ్ళకు పిలుస్తారు. కానీ సాయంత్రం ఒడ్డున వల బాగుచేసుకుంటూ మాట్లాడుకునే గుంపులో ఆయన కూర్చునే చోటు ఎన్నడూ ఏర్పడలేదు. అక్కడి మాటంతా నీటిమీది మాట. ఆయనకు ఆ నీళ్ళు తెలియవు. ఉదయం నాలుగు నిమిషాలు ఆయన మాట వాళ్ళ చెవిన పడుతుందన్నదే ఆయన ఆ పాళెం మనిషి అనడానికి ఆయన దగ్గరున్న రుజువు.

అంగడి ఎదుట చేపలు ఎండబెట్టే వెంకటశేషమ్మకు ఫోన్ అవసరం ఉండేది కాదు. ఆయన మాట్లాడుతున్నప్పుడే ఆమెకు వినిపించేది.

"ఏంది హెబ్రోనూ, పొద్దున్నే ఎవురిని తిడతా ఉండావు?"

"కంపెనీవాళ్ళని."

"వాళ్ళకి తెలుగొచ్చా?"

"రాదు."

"అయితే తిట్టు, ఏం కాదులే."

పోయిన ఏడాది ఎండాకాలం చివర, వేట నిషేధం ఎత్తివేసే ముందు, ఆయనకు పెద్ద పని ఒకటి వచ్చింది. పడవలవాళ్ళ దగ్గర చేతిలో పట్టుకునే పాత జీపీయస్ పరికరాలు ఉన్నాయి. సముద్రంలో ఏ చోట చేప దొరుకుతుందో, ఏ చోట నీటి అడుగున మునిగిన ఇనుప పడవ ఉండి వల చిక్కుకుంటుందో, ఆ చోట్ల అంకెలను వాళ్ళు వాటిలో దాచుకుంటారు. ఉప్పుగాలికి ఆ పరికరాల తెరలు వెలిసిపోయాయి. కొత్తవి కొనవద్దని హెబ్రోను మూడు రోజులు వరుసగా గ్రూపులోనూ, అంగడికి వచ్చినవాళ్ళతోనూ చెప్పాడు. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌కు ఉపగ్రహం అందుతుందని, మ్యాపును ముందే ఫోన్లో దించుకుంటే చాలని, చోట్లన్నీ తానే ఊరికే ఎక్కించి ఇస్తానని చెప్పాడు.

ఏడు పడవలవాళ్ళు ఒప్పుకున్నారు. మొదట వచ్చినవాడు మాల్యాద్రి. నలభై అయిదేళ్ళ మనిషి, పడవ నడపడంలో పాళెంలో పేరున్నవాడు. ప్రతి పడవకూ ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక నోటుపుస్తకం ఉంటుంది. చోట్ల అంకెలన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ పుస్తకాన్ని పక్క పడవవాడికి, సొంత బావమరిదికి సైతం చూపించరు. మాల్యాద్రి దాన్ని హెబ్రోను బల్లమీద పెట్టి నవ్వాడు.

"ఈ పుస్తకం మా యావిడ గూడా చూడలా."

"నాకెందుకు ఇస్తా ఉండావు మరి?"

"నీకు సముద్రం తెలవదు గదన్నా. నీకు చూపిస్తే యాడికి పోద్ది?"

హెబ్రోను ఆ మాటను తనకిచ్చిన గౌరవంగానే తీసుకున్నాడు.

ఆ పుస్తకాలలో అంకెలు రాసే తీరు ఒకటుంది. పాళెం ఎదుట ఉన్న సముద్రమంతా ఉత్తరానికి పద్నాలుగు, తూర్పుకు ఎనభై డిగ్రీల లెక్కలోకే వస్తుంది. అందువల్ల డిగ్రీలను ఎవరూ రాయరు. తరువాతి నిమిషాలను మాత్రం రాస్తారు. పరికరం 8.300 అని చూపిస్తే చివరి సున్నా వదిలేసి 8.30 అని వేస్తారు. అంటే ఎనిమిది నిమిషాలు, ఆపైన ఒక నిమిషాన్ని వంద భాగాలు చేస్తే అందులో ముప్పై భాగాలు. సెకన్లలో చెబితే పద్దెనిమిది. ఫోన్లోని యాప్ డిగ్రీలకు, నిమిషాలకు, సెకన్లకు విడివిడిగా మూడు గళ్ళు చూపించింది. హెబ్రోను నిమిషాల గడిలో ఎనిమిది వేసి, సెకన్ల గడిలో ముప్పై వేశాడు. సముద్రం మీద ఆ తేడా దాదాపు నాలుగు వందల మీటర్లు.

ఈ తేడా ఆయనకు తెలియనిది కాదు. ఒకే చోటును మూడు రకాలుగా రాసే పద్ధతి మూర్ఖత్వమని, ప్రపంచమంతా ఒక్క కొలతకు కట్టుబడాలని రెండేళ్ళ క్రితం ఒక ఉదయం నాలుగు నిమిషాలూ ఆయన దానిమీదే మాట్లాడాడు. పైగా ఆ రోజు యంత్రం ఆయనను హెచ్చరించింది. మాల్యాద్రి పుస్తకంలోని తొమ్మిది చోట్లలో మూడింటిని యాప్ తీసుకోలేదు. ఒకటి 9.72. అరవై దాటిన సెకన్లు ఉండవు కాబట్టి అది ఒప్పుకోలేదు. పుస్తకం తడిసి అంకె అలుక్కుపోయిందని హెబ్రోను అనుకున్నాడు. ఆ మూడింటినీ పక్కన పెట్టాడు. మాల్యాద్రిని అడిగితే తెలిసిపోయేది. ఇంత చిన్న పనికి పడవవాణ్ణి అడగడం ఆయనకు నామోషీ అనిపించింది. ఆ మాట తరువాత ఆయనే ఒప్పుకున్నాడు.

వేట మొదలైన తొమ్మిదో రోజున, మునిగిన ఇనుప పడవకు దూరంగా వేశానని మాల్యాద్రి అనుకున్న వల దానిమీదే పడింది. సగం వల అడుగునే ఉండిపోయింది. మిగిలింది చీలికలు. ఎవరికీ దెబ్బ తగలలేదు. మధ్యాహ్నం అంగడికి వచ్చినప్పుడు అతనిలో కోపం కూడా లేదు.

"నీటి పోటు లాగేసుంటదన్నా. అప్పుడప్పుడూ అంతే. ఎందుకైనా మంచిది, ఫోనొకసారి చూడు. సాయంత్రం వచ్చి తీసుకుంటా."

అతను వెళ్ళిన తరువాత హెబ్రోను నోటుపుస్తకాన్ని, ఫోన్‌ను పక్కపక్కన పెట్టుకున్నాడు. పక్కన పెట్టిన ఆ మూడు చోట్లనూ మళ్ళీ చూశాడు. పుస్తకంలో తడిసిన గుర్తు ఎక్కడా లేదు. అంకెలు స్పష్టంగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఏడు ఫోన్లలోనూ, ఆయన ఎక్కించిన ప్రతి చోటూ తప్పే.

తప్పును దాచడం సులభం. మాల్యాద్రి నీటి పోటును నిందించి ఊరుకున్నాడు. అప్‌డేట్ వచ్చిందని చెప్పి మిగిలిన ఆరు ఫోన్లనూ తెప్పించుకుని సరిదిద్దితే ఎవరూ అడగరు. చెబితే డెబ్బై పేర్లు పోతాయి. వస్తువును విప్పి చూసి తీర్పు చెప్పే మనిషికి అంకెలు చదవడం రాదని పాళెమంతటికీ తెలుస్తుంది. ఆ తరువాత ఛార్జర్ల గురించి ఆయన ఏమన్నా ఎవరు లెక్కచేస్తారు? అయితే పదిహేను రోజుల కిందటే, గుండె కొట్టుకునే లెక్క తప్పుగా చూపిన ఒక గడియారాన్ని దాని కంపెనీ ఎవరికీ చెప్పకుండా సరిదిద్దుకుంటే, ఆయన ఇలా అన్నాడు: "తప్పు చేసినోడు మనిషి. చెప్పకుండా దిద్దినోడు దొంగ."

తెల్లవారుజామున పడవలు మళ్ళీ వెళతాయి. ఏడు గంటలదాకా ఆగే వీలు లేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఆయన సాయంత్రం అయిదింటికి మాట్లాడాడు. నలభై సెకన్లు.

"హెబ్రోనుని మాట్లాడతా ఉండా. మీ ఫోన్లలో నేను ఎక్కించిన చోట్లన్నీ తప్పు. ఏడు పడవలవీ తప్పే. చుక్క తరవాత అంకెల్ని నేను సెకన్లనుకున్నా. మాల్యాద్రి వల చినిగింది పోటు వల్ల కాదు, నా వల్ల. రేపు ఎవురూ ఆ ఫోను నమ్మి వల వెయ్యబాకండి. అంగడి తెరిచే ఉంటాది. తెచ్చుకోండి."

మాల్యాద్రి అందరికంటే ముందు వచ్చాడు. ఫోన్ బల్లమీద పెట్టి, గోడకు తగిలించిన క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. సరిచేసి ఇచ్చాక తీసుకుని వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు కూడా అంతే. ఒకరిద్దరు తమ పుస్తకం తామే పట్టుకుని, ఒక్కొక్క అంకె ఆయన చేత పైకి చదివించుకున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని హెబ్రోను అనుకున్నాడు.

మరునాడు ఏడు గంటలకు ఆయన మాట్లాడలేదు. ఏమైందని గ్రూపులో ఎవరూ అడగలేదు.

శనివారం ఉదయం మాల్యాద్రి మళ్ళీ వచ్చాడు. చేతిలో పాత జీపీయస్ పరికరం ఉంది. దాని తెర మండుటెండలో పెడితే మాత్రం కొద్దిగా కనిపిస్తుంది. "పదన్నా, పోయి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఈసారి నీ కళ్ళతో చూడు" అన్నాడు.

హెబ్రోను అంగడికి తాళం వేసి వెంట వెళ్ళాడు. పడవ అలలు దాటేలోపే ఆయనకు వాంతి అయింది. రెండోసారీ అయింది. మాల్యాద్రి ఇంజన్ వేగం తగ్గించి, నీళ్ళ సీసా అందించాడు.

"సముద్రానికి నీ తీర్పు చెప్పేసినావు గదా. ఇంక కూసో."

మునిగిన పడవ ఉన్న చోటికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. చుట్టూ నీళ్ళే. అక్కడ ప్రత్యేకంగా కనిపించేది ఏదీ లేదు. పాత పరికరం అంకె, ఫోన్ అంకె కలిశాయి. హెబ్రోను రెండుసార్లు చూసి, తల ఊపాడు. పడవ తిరుగు దారి పట్టాక అన్నాడు.

"గ్రూపులో ఇంక నా మాట ఎవురూ వినరులే."

మాల్యాద్రి చుక్కాని కొంచెం సరిచేశాడు.

"అన్నా, ఒక మాట చెప్తా, మనసులో పెట్టుకోబాక. ముందు గూడా వినేవాళ్ళం కాదు."

"పేర్లు కనబడేవి గదా."

"నొక్కేవాళ్ళం. నొక్కి, ఫోను గంపలో పడేసి చేపలు దించుకునేవాళ్ళం. శేషమ్మత్త చెప్పింది అందరికీ. పదిన్నరకి ఫోను ముందరేసుకుని పేర్లు చూసుకుంటాడ్రా, పాపం ఒంటి మనిషి, మీ సొమ్మేం పోయింది, నొక్కండ్రా అని. ఆరేళ్ళనించీ నొక్కతానే ఉండాం."

హెబ్రోను ఒడ్డు వైపు చూశాడు. సరుగుడు తోపు సన్నని గీతలా కనిపిస్తోంది.

"మొన్నటిది మాత్రం విన్నాం," అన్నాడు మాల్యాద్రి. "అందరం విన్నాం. నేను రెండుసార్లు విన్నా."

ఒడ్డు చేరాక పడవను ఇసుకమీదికి లాగడంలో హెబ్రోను ఒక చెయ్యి వేశాడు. తడిసిన ప్యాంటుతోనే అంగడికి నడిచి వెళ్ళాడు. ఎదుట వెంకటశేషమ్మ చేపలు తిరగేస్తోంది. "ఏంది హెబ్రోనూ, మూడు రోజులనించీ ఎవురినీ తిట్టకుండా ఉండావు?" అని అడిగింది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆరేళ్ళ సంగతి అడగాలనుకున్నాడు. అడగలేదు. "తిట్టేదానికి ఎవురూ దొరకలా" అని తాళం తీశాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. హెబ్రోను ఇప్పుడు కూడా ఉదయాన్నే లేచి, కంపెనీలు ఏం చేశాయో చదువుతాడు. చదివింది ఎవరికీ పంపడు. ఒక ఆదివారం ఫోన్లో, కొత్త ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అతికించే పద్ధతి గురించి ఏంజెలిన్‌కు చెప్పబోయాడు. ఆమె పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ "ఊఁ, చెప్పన్నా" అంది. రెండు వాక్యాలు చెప్పి ఆపేశాడు. ఆపిన సంగతి ఆమె గమనించలేదు.

పాళెంవాళ్ళ చేతుల్లో ఉన్న వస్తువులో నిజంగా తప్పు కనిపిస్తేనే ఆయన గ్రూపులో మాట్లాడతాడు. కొన్ని నెలల్లో ఒక్కటి కూడా ఉండదు. ఈ నెలలో ఒకటే పంపాడు. పడవల్లో వాడే ఒక రకం ఛార్జింగ్ లైటు తడిస్తే వేడెక్కుతోందని, పిల్లలకు అందనివ్వవద్దని. పద్దెనిమిది సెకన్లు. ఉదయం పది గంటలు దాటేసరికి నలుగురు ఆ లైట్లు తెచ్చి బల్లమీద పెట్టి, సాయంత్రం వస్తామని చెప్పి వెళ్ళారు. ఆయన మొదటిదాన్ని తీసుకుని మరలు విప్పడం మొదలుపెట్టాడు. లోపల తీగలు అతికించిన తీరు చాలా అధ్వానంగా ఉంది. దానిమీద చెప్పవలసింది నాలుగు నిమిషాలకు సరిపోయేంత ఉంది. ఆయన మరలను ఒక మూతలో వేసుకుని, రెండో లైటు అందుకున్నాడు.