టేపు చెప్పిన ముప్పై తొమ్మిది

టైలరు మాస్టారుకి తన కొలత మీద ఎంత నమ్మకమంటే, చొక్కా బిగుతైతే మనిషి లావయ్యాడనేవాడే తప్ప చొక్కాని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా మెడలో ఒకే టేపు. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసి మేకుకి తగిలిస్తాడు, అదీ భార్య పోరు పడలేక.

ఒక ఆదివారం పొద్దున, ఏమీ తోచక, ఆ టేపుతో ఇంటి స్థలం కొలిచాడు. ఏమీ తోచనప్పుడు నన్ను కుర్చీకి కట్టేయాలి అని ఇప్పుడు ఆయనే అంటాడు. దస్తావేజులో వెడల్పు నలభై అడుగులు. టేపు ముప్పై తొమ్మిదే అంది. మళ్ళీ కొలిచాడు. ముప్పై తొమ్మిదే.

కంచె అవతల వడ్రంగి తలుపుచెక్కకి చిత్రిక పడుతున్నాడు. చుట్టరికం లేకపోయినా ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకరికొకరు బావలు. నిరుడు కంచె కూలితే కొత్త కర్రలు పాతింది కూడా ఈ బావే, ఉత్తపుణ్యానికి. ఆ ఉత్తపుణ్యం వెనకాల సంగతేమిటో మాస్టారుకి ఇప్పుడు తెలిసిపోయింది.

"ఏమయ్యా, నా అడుగు స్థలం ఎక్కడ పెట్టావ్?"

వడ్రంగి జేబులు తడుముకున్నాడు. "నా దగ్గర లేదే బావా. చెల్లెమ్మని అడుగు, ఎక్కడైనా సర్దేసిందేమో."

"వేళాకోళం చాలు. ఇవాళ్టి నుంచి బావా గీవా లేదు!"

వడ్రంగి స్టీలు టేపు తెచ్చి, కేకలకి పోగైన జనం చూస్తుండగా మాస్టారు స్థలం వెడల్పు కొలిచాడు. నలభై అడుగుల నాలుగంగుళాలు. "నా స్థలమే నీకు నాలుగు వేళ్ళు వచ్చింది కదయ్యా!"

మాస్టారు తడుముకోకుండా అన్నాడు: "నీ టేపు ముడుచుకుపోయింది."

"ఉతికితే ముడుచుకోడానికి ఇదేమన్నా నువ్వు కుట్టిన చొక్కానా?"

జనం గొల్లున నవ్వారు. మాస్టారుకి చెవులు ఎర్రబడ్డాయి. "సర్వేయర్ని పిలుస్తా. నా కొలత తప్పని తేలితే మళ్ళీ కత్తెర ముట్టను!"

వంటింట్లోంచి భార్య నెత్తి కొట్టుకుంది. "కత్తెర తప్ప మీకింకేం ముట్టుకోవడం వచ్చండీ? నిన్నటికి నిన్న పాలగిన్నె కూడా జారవిడిచారు."

సర్వేయరు రావడానికి పది రోజులు పట్టింది. ఈలోగా కత్తిరింపు బల్ల కాలొకటి ఊగడం మొదలెట్టింది. మామూలుగా అయితే "బావా!" అని ఒక్క కేక వేస్తే అయిపోయేది. మాస్టారు గుడ్డముక్కలు మడతపెట్టి కాలికింద దోపాడు. బల్ల ఇంకో వైపు ఊగింది. బల్లతోబాటు గీత, గీతతోబాటు కత్తెర, చివరికి ఎవరిదో కాలరు, అన్నీ వంకర.

సర్వేయరు మాస్టారు కుట్టిన ప్యాంటే వేసుకొచ్చాడు. శుభశకునం అనుకున్నాడు మాస్టారు. గొలుసు లాగి చూస్తే నలభై అడుగుల నాలుగంగుళాలు. మూడుసార్లు కొలిపించినా అంతే.

"మాస్టారూ, మీ టేపు ఒకసారి ఇటివ్వండి."

దాన్నీ, వడ్రంగి స్టీలు టేపునీ బల్లమీద పక్కపక్కన పరిచాడు. మాస్టారు టేపు అరవై దగ్గర అయిపోయేసరికి పక్కన స్టీలు టేపు అరవై రెండు చూపిస్తోంది. ముప్పై ఏళ్ళు లాగగా లాగగా సాగిపోయింది పాపం.

సర్వేయరు తన నడుం వైపు చూసుకున్నాడు. "మరి నా ప్యాంటు ఇంత బాగా ఎలా కుదిరిందండీ?"

"మిమ్మల్ని కొలిచిందీ, గుడ్డని కొలిచిందీ ఇదే కదా బాబూ. ఇద్దరికీ ఒకటే అబద్ధం చెప్పింది." మాస్టారు గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. కత్తెర గూట్లో పెట్టేసి, మిషను మీద గుడ్డ కప్పేసి, గుమ్మంలో కూలబడ్డాడు. కత్తెర లేకపోతే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆయనకి తెలియలేదు.

సాయంత్రం వడ్రంగి చంకలో గుడ్డ పెట్టుకుని వచ్చాడు. "చొక్కా కుట్టాలి."

"మానేశానయ్యా. అందరిముందూ మాటిచ్చాను."

"నీ కొలత తప్పితే కదా మానేస్తానన్నావ్? తప్పింది టేపు. అది ముప్పై తొమ్మిదంటే నువ్వూ ముప్పై తొమ్మిదే అన్నావ్. చదవడంలో తప్పేముంది?"

ఇంత తెలివైన వాదన తనకెందుకు తట్టలేదా అని మాస్టారు ఈర్ష్య పడ్డాడు. "పోనీ కంచె జరుపుకో బావా, ఆ నాలుగు వేళ్ళూ నీవే."

"మళ్ళీ గుంటలు ఎవడు తవ్వుతాడు? ముందు కొలువు."

మాస్టారు సొరుగులో పడున్న కొత్త టేపు తీసి, కొలతల పుస్తకం తెరిచి ఆగిపోయాడు. వీధిలో వాళ్ళందరి ఛాతీలూ నడుములూ అందులో పాత టేపు లెక్కలోనే ఉన్నాయి. "దీంతో కొలిస్తే అందరూ ఒక్కసారిగా లావైపోతారు బావా."

"బాబోయ్, మీ చెల్లెలు ఇప్పటికే నా కంచంలో అన్నం తగ్గించేసింది. పాతదే తియ్యి."

పాత టేపు వడ్రంగి ఛాతీ చుట్టూ తిరిగింది. "ముప్పై తొమ్మిది," అన్నాడు మాస్టారు.

వడ్రంగి సీరియస్‌గా మొహం పెట్టాడు. "ఇంట్లో నలభై ఉందే! నా అంగుళం ఎక్కడ పెట్టావ్?"

మాస్టారు జేబులు తడుముకున్నాడు. "బల్లకింద చూడు. అలాగే ఆ ఊగే కాలు కూడా."