విప్పపూల తలంటు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే మరీ ఎంతో కాలం కాలేదు గానీ, ఆ రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. పాల్వంచలో ఒక ఫ్యాక్టరీలో, నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ట్రైనీని. చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఆ చదువును ల్యాబ్‌లో కంటే షాపుల్లోనే ఎక్కువ వాడేదాన్ని. షాంపూ సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ, పెద్ద అక్షరాల్లో ‘సహజం’ అని కనబడితే చాలు, వెనక్కి తిప్పి ఆ చీమ తలకాయంత అక్షరాలన్నీ చదివితే తప్ప మనసు ఊరుకునేది కాదు. ఆకు పేరు అన్నిటికన్నా చివర ఉండేది. దాని ముందున్న పేర్లన్నీ కాలేజీ ల్యాబ్‌లో సీసాల మీద చూసినవే. (షాపాయన ఒకరోజు విసిగిపోయి, “కొంటవా అమ్మా, పరీక్షకు చదువుతున్నవా?” అన్నాడు.) అలా సబ్బులూ షాంపూలూ ఒక్కొక్కటే నా హాస్టల్ గదిలోంచి బయటికి పోయాయి. జుట్టు ఊడటం మాత్రం ఆగలేదు.

ఊడదా మరి! ఆరునెలల ట్రైనింగ్ అయిపోవస్తోంది. సోమవారం పొద్దున మా ల్యాబ్ పెద్ద మేడమ్ పిలిచి, నాలుగు ప్రశ్నలడిగి, నన్ను ఉంచుకునేదీ పంపించేసేదీ తేల్చేస్తారు. నాన్న బొగ్గుబాయిలో రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. ఇంట్లో అందరి ఆశా నా మీదే. “ఏమాయె బిడ్డా, పర్మనెంట్ చేసిన్రా?” అని ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్ వచ్చిన ప్రతిసారీ దువ్వెనలో ఇంకో నాలుగు వెంట్రుకలు ఎక్కువ కనబడేవి.

శుక్రవారం సెలవు పెట్టి దుమ్ముగూడెంలో ఉన్న మేనత్త దగ్గరికి వెళ్ళాను. అరవై దాటినా ఆమె జుట్టు ఇంకా పిడికిట పట్టనంత. రహస్యమేమిటని అడిగితే, “ఏముందే, కుంకుడుకాయలు కొట్టి పోసుకుంట. ప్రార్థన చేసుకొని జల్దీ పండుకుంట. నువ్వు రెండూ చెయ్యవు” అంది. ఇంత తేలికైన మాట నాలాంటి కెమిస్టుకు నచ్చుతుందా? విప్పపూలతో జుట్టు ఒత్తుగా వస్తుందని ఏదో వీడియోలో చూసి ఉన్నాను. సంతలో ఒక కోయ పెద్దమ్మ ఎండు విప్పపూలు అమ్ముతుంటే, తలకోసమని చెప్పి గబగబా రెండు దోసిళ్ళు కొన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, “తలకెందుకు బిడ్డా? ఉడకబెట్టుకొని తిను. నానబెట్టి మూత మాత్రం పెట్టకు” అంది. నేను విన్నానా? అదే రాత్రి హాస్టల్‌లో విప్పపూలూ అత్త ఇచ్చిన కుంకుడుకాయలూ ఒకే డబ్బాలో పోసి, నీళ్ళు నింపి, సారం పోకూడదని గట్టిగా మూత బిగించాను. అసలే ఎండాకాలం.

సోమవారం పొద్దున్నే మూత తీస్తే బుస్సుమంది. నురుగు పొంగింది. ఎంత సంబరపడ్డానో! తలంతా పట్టించి, (ఇక్కడా సారం పోకూడదనే) పైపైన కడిగి, తడిజుట్టుతోనే పరుగెత్తాను.

గేటు దగ్గర సెక్యూరిటీ బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనది చర్ల వైపు అడవి పల్లె. “ఆగు బిడ్డా. గిదేంది, విప్పసారా వాసన?”

“తాగలేదు బాబాయ్! తలకు పోసుకున్న.”

“దాన్ని తలకెవరు పోసుకుంటరమ్మా?”

షిఫ్టు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ చూస్తుండగా మిషన్లో ఊదించాడు. సున్నా వచ్చింది. ఆయన మిషన్‌నీ నన్నూ మార్చి మార్చి చూసి, “మిషన్ ఒప్పుకుంటున్నది గానీ నా ముక్కు ఒప్పుకుంటలేదు” అని నేరుగా పెద్ద మేడమ్ గదికి తీసుకుపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం నాన్న ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? తాగి వచ్చిందని పంపించేశారని చెప్పాలా? ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాను.

మేడమ్ నవ్వలేదు. “కూర్చో. విప్పపూలు, నీళ్ళు, మూత పెట్టిన డబ్బా, ఎండాకాలం, మూడు రోజులు. ఏమైతది?”

“పులుస్తది మేడమ్.”

“ఎందుకు?”

పూలలోని చక్కెర దగ్గర మొదలుపెట్టి సారా దాకా ముక్కు చీదుకుంటూ అప్పజెప్పాను. ఒక్క మెట్టు తప్పలేదు.

“గంత తెలిసినదానివి, నురుగు చూసి ఏమనుకున్నవ్?”

“కుంకుడు నురుగనుకున్న మేడమ్.”

అప్పుడు నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ అయితే టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “నేను అడగాల్సిన ప్రశ్నలు అయిపోయినయ్” అని కాగితం మీద సంతకం పెడుతూ మేడమ్, “రేపటినుంచి బాయిలర్ నీళ్ళు నువ్వే చూడు. దాంట్ల మాత్రం ఏం నానబెట్టకు” అన్నారు. సాయంత్రం నాన్నకు పర్మనెంట్ అయిందని చెప్పాను. ఎట్లా అయిందో చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు కుంకుడుకాయలతోనే తలంటుకుంటున్నాను, అప్పటికప్పుడు కొట్టుకుని. ప్రార్థన సంగతి అత్తకు తెలియనివ్వను. మొన్న కొత్తగా చేరిన ట్రైనీ పిల్ల ఒక సీసా పట్టుకొచ్చి, “మేడమ్, ఇది నిజంగా నేచురలేనా?” అని అడిగింది. వెనకవైపు అక్షరాలు చదవబోయి, ఎందుకో ముందు మూత తీసి వాసన చూశాను. ఆ పిల్ల ఎందుకని అడగలేదు గానీ, అడిగితే బాగుండుననిపించింది.