కటీఫ్ చెప్పింది నేనే

చిటికెన వేళ్లు కలిపితే జట్టు, విడదీస్తే కటీఫ్. గుర్తుందా మీకు?

ఇవాళ గుంటూరులో ఎండుమిరపకాయల కుప్ప దగ్గర తొడిమలు తీస్తూ మస్తాన్‌బీ కనబడింది. నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునేది. అప్పుడూ అంతే, పొద్దున్నే కల్లంలో తొడిమలు తీసి బడికొచ్చేది. ఓ రోజు మాస్టారు కొడితే ఏడుస్తున్న నా కళ్లు అదే తుడిచింది. భగ్గున మండాయి.

"ఛీ, నీ చేతులు కారం! కటీఫ్ పో!" అన్నాను. క్లాసంతా నా మాటే పట్టుకుంది. ఏడాదంతా అది ఒక్కతే కూర్చుని అన్నం తింది. నాకు జాలేయలేదు, సరదాగా ఉండేది.

ఇవాళ "ఒసేయ్ మస్తానూ!" అంటూ చిటికెన వేలు చాపాను.

గుర్తుపట్టింది. చేతులు కొంగులో దాచుకుంది.

"వద్దండీ, నా చేతులు కారం."