అద్దం ముక్క మీద ఇంజను మూత

మొన్న పనిముట్ల పెట్టె సర్దుతుంటే అడుగున పాత తువ్వాలలో చుట్టిన అద్దం ముక్క ఒకటి బయటపడింది. మూరన్నర పొడవు, అంచులు చెయ్యి కోయకుండా సానరాయి మీద అరగదీసిన కిటికీ అద్దం. ముఖం చూసుకోవడానికైనా పనికిరాని ఈ గాజు ఎందుకని మా ఇంటామె పారేయబోతే చేతిలోంచి లాక్కున్నాను. లాక్కున్నాక, ట్రాక్టర్ల మీద బతికిన నా ఈడు వాళ్లకు దాని సంగతి చెప్పాలనిపించింది. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. సొగసుగా రాయడం చేతకాదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముప్పై ఐదేళ్లు వచ్చేదాకా ఆత్మకూరు దగ్గర ఒక పెద్ద రైతు ఇంట జీతమున్నవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎవరో వాడి వదిలేసిన ట్రాక్టరునూ ఒక నూర్పిడి మిషనునూ నానా తిప్పలు పడి సొంతం చేసుకుని, జొన్న కోతలు మొదలైతే చాలు, వనపర్తి పక్కనా గద్వాల పక్కనా కల్లం నుంచి కల్లానికి తిరిగేవాణ్ణి. ఆ బండి ఆగితే మళ్లీ ఎవరి గడప ముందో చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఇంజను నెత్తిన రేకు మూత ఒకటి ఉంటుంది. కంపెనీ వాళ్లు రాకర్ కవర్ అంటారు, మేము టాపెట్ కవర్ అనేవాళ్లం. దాని కింద బెరడులాంటి కార్క్ ప్యాకింగ్ వేసి ఆరు బోల్టులతో బిగిస్తే లోపలి ఆయిల్ బయటికి రాదు. ఆ మూత మీదే వంకర మెడతో చిన్న గొట్టం ఉంటుంది. నూర్పిడిలో పొట్టు ముక్కుల్లోకి పోకుండా మేము తువ్వాల కట్టుకుంటాం కదా, మరి బండి మాత్రం పొట్టు ఎందుకు మింగాలని, మా ఇంటామె పాత చీర పేలికను నాలుగు మడతలు వేసి ఆ గొట్టం మూతికి తీగతో బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ తరువాత కొద్ది రోజులకే మూత అంచున ఆయిల్ చెమర్చడం మొదలైంది. బోల్టులు బిగించాను. ఇంకా కారింది. బస్తాలు మోసిన చేయి కదా, ఇంకా బిగించాను. పాత ప్యాకింగ్ మీదనే కొత్తది వేసి చూశాను, గమ్ము పూసి చూశాను. ఎంత బిగిస్తే అంత కారేది. పెద్దమందడిలో మా అక్క మొగుడి కల్లంలో ఉండగా ఆ ఆయిల్ వేడెక్కిన సైలెన్సరు మీద చుక్కచుక్కగా పడి పొగ లేచింది, అక్కడ పేరుకున్న పొట్టు అంటుకుంది. బావ తాగే నీళ్ల కుండ ఎత్తి కుమ్మరించాడు కాబట్టి సరిపోయింది, గాలి కాస్త వీచి ఉంటే చొప్ప వామి మిగిలేది కాదు.

ఆయన అరవలేదు. ఖాళీ కుండ కింద పెట్టి, "బామ్మర్దీ, గా నూనె ఆగేదాక నా కల్లంల బండి పెట్టకు. ఇయ్యాల రేపు చూస్త, లేకుంటె వేరే మిషన్ పిలుస్త" అన్నాడు. సొంత బావే వెళ్లగొట్టాడంటే ఇక ఏ ఊరి రైతు పిలుస్తాడు? తిట్టినా అంత భయపడేవాణ్ణి కాదు.

వనపర్తిలో మా ఇంటామె మేనమామ ఇంజన్ల మేస్త్రీ. పిల్లనిచ్చిన వైపు వాళ్లను అడగడం నామోషీ అనుకుని అంతదాకా పోలేదు. ఆ సాయంత్రం పోయాను. ఆయన పానా ముట్టకుండానే బండి చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టానికి కట్టిన పేలిక ముందు ఆగాడు.

"ఇదేందల్లుడా?"

"పొట్టు పోకుండ కట్టిన మామా."

"ముక్కు మూసి మూట మొయ్యమంటున్నవ్ దాన్ని. నిన్ను గట్ల మొయ్యమంటె ఎంత దూరం మోస్తవ్?"

ఇంజను ఊపిరి వదిలే గొట్టమట అది. దాన్ని మూసేస్తే లోపలి గాలి ఎటూ పోలేక ఆయిల్‌ను అంచుల గుండా బయటికి నెడుతుందట. పేలిక విప్పి నా భుజాన వేశాడు, చీర ఎవరిదో అడగలేదు గానీ నవ్వు ఆపుకోవడం నాకు కనపడింది.

పొద్దున్నే మూత ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఈ అద్దం మీద బోర్లించాడు. నన్ను వంగి చూడమన్నాడు. బోల్టు పడే చోటల్లా రేకు అద్దానికి ఆనుకుని ఉంది, నడుమ నడుమ సందుల్లోంచి వెలుతురు కనిపించింది. నేను బిగించిన బిగింపుకే అంచు వంగిపోయింది. నా బలం అంతా అక్కడ వరుసగా కనిపించి సిగ్గేసింది. "బలం బస్తాల కాడ చూపియ్యి, బోల్టుల కాడ గాదు" అని ఆయన అంచును చెక్క దిమ్మ మీద ఆనించి చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు వేసేవాడు, కళ్లు మూసుకుని వేలితో తడిమేవాడు, అద్దం మీద పెట్టేవాడు. వెలుతురు సందు తరువాత సందు మూసుకుపోతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. అద్దం చెప్పకముందే ఆయన వేలికి తెలిసిపోయేది.

కొత్త ప్యాకింగ్‌ను మూత వైపు మాత్రమే పలచగా గమ్ముతో అంటించి, ఇంజను వైపు పొడిగా ఉంచి, మూత కూర్చోబెట్టాడు. ఏ బోల్టు తరువాత ఏది బిగించాలో సుద్దతో అంకెలు వేసి పానా నాకిచ్చాడు. ఆరు అంటే నాకు తెలుసు, రాసిన ఆరు తెలియదు. పానా పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నా ముఖం చూడలేదు. బొటనవేలితో అంకెలు చెరిపేసి, ఒక బోల్టు పక్కన ఒక చుక్క, ఇంకో దాని పక్కన రెండు చుక్కలు, అలా ఆరు దాకా పెట్టాడు. నడిమి వాటితో మొదలై అంచులకు పోయాయి చుక్కలు. కొంచెం కొంచెంగా మూడుసార్లు తిప్పించాడు. ప్యాకింగ్ ఇసుమంత నలిగిందో లేదో, నా మణికట్టు మీద వేలు పెట్టి, "సాలు" అన్నాడు. వదులుగా ఉందే అనుకుంటూనే పానా ఆయన చేతికిచ్చాను.

మధ్యాహ్నానికి బావ కల్లంలో బండి పెట్టాను. పొద్దు వాలేదాకా నడిచింది. అప్పుడు బావ లేచి వచ్చి, భుజం మీది తెల్ల తువ్వాల తీసి మూత అంచు చుట్టూ తుడిచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. దుమ్ము తప్ప మరక లేదు. "ఇంకో గంట పొద్దున్నది, నడుపు" అని మాత్రం అన్నాడు. నేను బండి అవతలి పక్కకు పోయి కళ్లు తుడుచుకున్నాను, పొట్టు పడిందనుకున్నారు అందరూ.

అద్దం మామే ఇచ్చాడు, ఆయన పోయి చాలా కాలమైంది. నలభై దాటాక వయోజనుల చదువు కేంద్రంలో పలక మానిపించి కాగితం ఇచ్చిన రోజు, పెన్సిలు గట్టిగా నొక్కి ‘అ’ దిద్దబోతే కాగితం చిరిగింది. మణికట్టు మీద ఆ వేలు ఉన్నట్టే అనిపించి చెయ్యి సడలించాను. అక్షరం కూర్చుంది.

ఇప్పుడు కొత్త ఇంజన్ల మూతలు వేరు. పాతవాటికి కారినా వేలెడు మందాన గమ్ము పూసి పంపేస్తున్నారు, అద్దం మీద బోర్లించి చూసే తీరిక ఎవరికీ లేదు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి పని తొందర వాళ్లది. కానీ ఎదుటివాడికి ఏది రాదో కనిపెట్టి, వాడి పరువు పోకుండా చుక్కలు పెట్టి చూపే మనిషి కోసం కొత్త రిపేరు షెడ్డుకు పోయినప్పుడల్లా నా కళ్లు వెతుకుతాయి. అద్దాన్ని మళ్లీ తువ్వాలలోనే చుట్టి పెట్టాను. ఆ తువ్వాల బావది, ఆ రోజు మూత అంచు తుడిచినదే.