అయ్యగారికి చేసిన రోజ్ మిల్క్

తెల్లనివన్నీ పాలని నమ్మేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. గులాబీరంగువన్నీ రోజ్ సిరప్ అని నమ్మినవాణ్ణి మాత్రం, ఎనభైల నాటి అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో, నేనొక్కణ్ణే. ఆ నమ్మకంతో ఓ ఆదివారం పాలతోపాటు నా పెళ్ళిసంబంధాన్నీ విరగ్గొట్టబోయాను. వినండి.

మా ఆఫీసులో మార్సెల్ అనే పెద్దాయన ఉండేవాడు. ఫ్రాన్సు దక్షిణాన, సముద్రపొడ్డున పుట్టాడు. సెలవులకు ఊరెళ్ళొచ్చి నాకో సీసా ఇచ్చాడు. "మా ఊరి ఎండా, సముద్రపు గాలీ ఇందులో ఉన్నాయి. బాగా చల్లబరిచి తాగు" అన్నాడు. మా బందరులోనూ ఎండా సముద్రమూ ఉన్నాయి గానీ, వాటిని సీసాలో పట్టాలని ఎవరికీ తోచలేదు. సీసా మీది ఫ్రెంచిలో నాకు తెలిసిన మాట "రోజ్" ఒక్కటే. ఇంకేం చదవాలి, చెప్పండి?

ఆ ఆదివారమే మా సంఘం పాస్టరు అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ భోజనానికి వచ్చారు. అమ్మగారి అక్కకూతురు సుహాసినికి నన్ను చూడ్డానికన్నమాట. "చుక్క ముట్టని కుర్రాడు" అని ఎవరో చెప్పారట. నిజమే. ముట్టి ఉంటే గుర్తుపట్టేవాణ్ణి!

సీసాకి బిరడా ఉంది. షర్బత్తుకి కూడా బిరడానా, ఫ్రెంచివాళ్ళంటే ఫ్రెంచివాళ్ళే అనుకుంటూ స్క్రూడ్రైవరుతో దాన్ని లోపలికి తోసేశాను. పాలల్లో ఒంపాను. పాలు, సంఘం చీలినట్టు, ముక్కలు ముక్కలయ్యాయి. తప్పు పాలదేననుకుని సింకులో పారబోసి, సీసాలో మిగిలినదాంట్లో పంచదార, ఐసు కలిపి పట్టుకెళ్ళాను. షుగరుందని అమ్మగారు వద్దన్నారు.

"ఏం షర్బత్తు బాబూ ఇది?" అన్నారు అయ్యగారు.

"రోజ్ అండీ. ఫ్రాన్సుది."

"కాస్త వగరుగా ఉంది గానీ ప్రాణం లేచొచ్చింది. ఇంకొంచెం పొయ్యి."

రెండో గ్లాసుకి ఆయన కీర్తన ఎత్తుకున్నారు. మూడోదానికి చరణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అమ్మగారు నర్సు. అనుమానమొచ్చి వంటింట్లోకి నడిచి, సీసా తిప్పి చూశారు.

"ప్రసాదూ! ఆల్కహాల్ అని ఇంత క్లియర్‌గా రాసుంటే చూసుకోవద్దూ? ఇది గులాబీ షర్బత్తు కాదు, గులాబీరంగు వైన్! ఈ సింకులో విరిగిన పాలేమిటి?"

"రోజ్ మిల్క్ చేద్దామనుకున్నానండీ..."

సంబంధం పోయింది, సంఘమూ పోయింది అనుకున్నాను. అయ్యగారు ఖాళీ గ్లాసులోకి చూస్తూ నింపాదిగా అన్నారు: "కానా పెళ్ళిలో ప్రభువు నీళ్ళని ద్రాక్షారసం చేశాడు. నువ్వు ద్రాక్షారసాన్ని షర్బత్తు చేశావు గదయ్యా!"

అమ్మగారు పకపకా నవ్వేశారు. "అక్కకి ఇప్పుడే ఫోన్ చేస్తా. వైన్‌తో రోజ్ మిల్క్ చేసే కుర్రాడికన్నా అలవాట్లు లేనివాడు అమెరికా అంతా డ్రైవ్ చేసినా దొరకడు!"

తిరిగి వెళ్ళేటప్పుడు కారు అమ్మగారే నడిపారు. పెళ్ళి కూడా ఆవిడే నడిపించారు.

కనుక సమస్త జనులకూ ప్రమాణపూర్వకంగా తెలియజేయునది: ఇకమీదట ఏ సీసానైనా సుహాసిని చదివి వినిపించనిదే తెరవను. పాలగిన్నె ఉన్న ఇంట్లో అసలే తెరవను.